గోధుమ మానే ముందు పరీక్ష: అంతుపట్టని నీరసం, సీలియాక్ జబ్బు



"సిస్టరమ్మా, ఒంట్లో ఏదో తేడాగా ఉంది. తిన్నది ఒంటబట్టడం లేదు. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయంటున్నారు. గోధుమ పడకపోతే సీలియాక్ అనే జబ్బు వస్తుందట కదా, నాకు అదేనా?" ఈ ప్రశ్న పదిహేనేళ్ళ క్రితం మన ఓ.పి.లో ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు అప్పుడప్పుడు వినబడుతోంది. అడిగేవారిలో చాలామంది అప్పటికే చపాతీలు మానేసి వస్తారు. ఇంకో వైపు, నిజంగా ఈ జబ్బు ఉండి కూడా దాని పేరైనా వినకుండా ఏళ్ళ తరబడి రక్తం మాత్రలు మింగుతున్నవారు ఉన్నారు. ఈ పాఠం ఇద్దరి కోసమూ.

ఈ పాఠంలో మూడు సంగతులు నేర్చుకుందాం. సీలియాక్ జబ్బును ఎప్పుడు అనుమానించాలి? అనుమానం వస్తే మొదట చేయవలసినది ఏమిటి? జబ్బు అని తేలితే మన వంటింట్లో ఏం మార్చుకోవాలి? వీటిలో రెండవది అన్నిటికంటే ముఖ్యం. అది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. పొరపాటు చేసి నేర్చుకున్నాను.

1. నేను చేసిన పొరపాటు

ఆమె వయస్సు అప్పటికి ముప్పై రెండు. పల్లెటూరి బడిలో టీచరు. గుర్తు తెలియకుండా ఉండాలని కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. ఆరేళ్ళుగా రక్తం తక్కువ. ఐరన్ మాత్రలు వేసుకుంటే కాస్త పెరగడం, మానగానే పడిపోవడం. రెండుసార్లు గర్భం నిలవలేదు. నెలకు నాలుగైదు రోజులు విరేచనాలు, మిగతా రోజులు కడుపుబ్బరం. నోట్లో పుండ్లు. ఇంట్లో అత్తగారు "తిండి సరిగ్గా తినదు" అనేవారు. ఇరుగుపొరుగు "ఏదో గాలి" అనేవారు. ఆమె మాత్రం "నేను సోమరిదాన్ని కాదు సిస్టరమ్మా, బోర్డు దగ్గర నిలబడితే కళ్ళు తిరుగుతాయి" అని ఏడ్చేది.

మన వార్డులో చేరినప్పుడు హిమోగ్లోబిన్ 6.8. రక్తం ఎక్కించాం. కడుపు తేలిగ్గా ఉండాలని పూటపూటకూ బ్రెడ్డు, పాలు ఇచ్చాం. చూడటానికి వచ్చినవాళ్ళు కూడా మన ఆచారం ప్రకారం బ్రెడ్డు ప్యాకెట్టు, రస్కులు, యాపిల్ పండ్లు తెచ్చారు. విరేచనాలు తగ్గలేదు సరికదా, ఎక్కువయ్యాయి. ఇంట్లో భర్తకు షుగరు ఉన్నందువల్ల రాత్రిళ్ళు అందరికీ చపాతీలేనని మాటల్లో తెలిసింది. నాకు అనుమానం వచ్చింది. డిశ్చార్జి రోజున, డాక్టరు గారితో ఒక్క మాటైనా చెప్పకుండా, "అమ్మా, నీకు గోధుమ పడటం లేదేమో. చపాతీలు, బ్రెడ్డు మానేసి చూడు" అన్నాను.

ఆమె మానేసింది. రెండు నెలల్లో ఒళ్ళు తేలికపడింది. ఎనిమిది నెలల తర్వాత బంధువులు పట్నం తీసుకువెళ్ళి సీలియాక్ రక్తపరీక్ష చేయించారు. పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. "జబ్బు లేదట" అని అందరూ సంతోషించారు. నేనూ దేవునికి స్తోత్రం చెప్పాను. ఆమె మళ్ళీ చపాతీలు మొదలుపెట్టింది. ఏడాది తిరగకుండానే మళ్ళీ మన వార్డులో, మళ్ళీ రక్తం సీసా కింద పడుకుని ఉంది.

నా అనుమానం సరైనదే. నా సలహా మాత్రం తప్పు. ఎందుకు తప్పో తెలియాలంటే ముందు ఈ జబ్బు ఒంట్లో ఏం చేస్తుందో తెలుసుకోవాలి.

2. గ్లూటెన్ ఏం చేస్తుంది?

గోధుమ పిండిని నీళ్ళు పోసి కలిపితే సాగుతుంది. బియ్యప్పిండి అలా సాగదు. గోధుమలో సాగే గుణం ఇచ్చే మాంసకృత్తులనే గ్లూటెన్ అంటాం. ఇలాంటివే బార్లీలోనూ, పాశ్చాత్య దేశాల్లో తినే రై అనే ధాన్యంలోనూ ఉన్నాయి.

మన చిన్నపేగు లోపలి గోడను టర్కీ తువ్వాలుతో పోల్చవచ్చు. కొత్త తువ్వాలు మీద నూగులాంటి పోగులు నిలబడి ఉంటాయి కాబట్టి నీటిని బాగా పీల్చుకుంటుంది. పేగు గోడ మీద కూడా కంటికి కనబడనంత చిన్న పోగులు లక్షల కొద్దీ ఉంటాయి. తిన్న అన్నంలోని సారాన్ని పీల్చుకునేవి అవే. సీలియాక్ జబ్బు ఉన్నవారు గ్లూటెన్ తింటే, వారి ఒంట్లోని రక్షక వ్యవస్థ శత్రువును చూసి పొరబడినట్టు తమ పేగు గోడ మీదనే దాడి చేస్తుంది. పోగులు అరిగిపోతాయి. పాత తువ్వాలు నీరు పీల్చనట్టే, ఆ పేగు ఐరన్‌ను, ఫోలిక్ యాసిడ్‌ను, కాల్షియంను సరిగ్గా పీల్చుకోలేదు. మాత్రలు ఎన్ని వేసినా రక్తం పట్టకపోవడానికి కారణం ఇదే.

ఇది అంటువ్యాధి కాదు. కేవలం అజీర్ణమూ కాదు. గోధుమ తిన్న వెంటనే దద్దుర్లు, ఆయాసం వచ్చే ఎలర్జీ వేరు. సీలియాక్ రావాలంటే పుట్టుకతో వచ్చే కొన్ని జన్యువులు ఉండాలి. వాటిని డీక్యూ2, డీక్యూ8 అంటారు. అవి ఉన్న ప్రతివారికీ జబ్బు రాదు. కొద్దిమందికే వస్తుంది. వచ్చేవారికి ఏ వయస్సులోనైనా రావచ్చు.

గోధుమే కారణమని తేలింది కూడా ఎంతో కాలం కాలేదు. 1888లో లండన్ వైద్యుడు శామ్యూల్ గీ ఈ జబ్బు లక్షణాలను వివరంగా రాసి, నయమయ్యేదైతే ఆహారం వల్లే నయం కావాలని గ్రహించాడు. ఏ ఆహారమో ఆయనకు తెలియలేదు. హాలండ్ దేశంలో విల్లెం డికె అనే పిల్లల డాక్టరుకు గోధుమ మీద అనుమానం ఉండేది. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1944-45 చలికాలంలో, అక్కడ ఘోరమైన కరువు వచ్చింది. రొట్టె దొరకలేదు. జనం ఆకలితో కుంగిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం కోలుకున్నారు. రొట్టె తిరిగి రాగానే వారికి జబ్బు తిరగబెట్టింది. ఆయన ఓపికగా పరిశీలనలు చేసి 1950లో వాటిని సిద్ధాంత గ్రంథంగా సమర్పించాడు.

3. అన్నం తినే మనకు ఇది వస్తుందా?

వస్తుంది, కాని అరుదు. మన దేశంలో 23,331 మంది ఆరోగ్యవంతులైన పెద్దలను పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. సీలియాక్‌ను సూచించే యాంటీబాడీలు ఉత్తర భారతంలో 1.23 శాతం మందిలో, ఈశాన్యంలో 0.87 శాతం మందిలో, దక్షిణంలో 0.10 శాతం మందిలో కనబడ్డాయి. అంటే దక్షిణాదిన సుమారు వెయ్యిమందిలో ఒకరికి. విశేషం ఏమిటంటే, జన్యువుల లెక్కలో పెద్ద తేడా లేదు. ఉత్తరాదిన 38.1 శాతం, దక్షిణాదిన 36.4 శాతం. తేడా ఉన్నది కంచంలో. ఉత్తరాదిన రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే దక్షిణాదిన 25 గ్రాములే.

ఈ లెక్క నుండి రెండు పాఠాలు నేర్చుకోవాలి. మొదటిది, మన ప్రాంతంలో కడుపుబ్బరం ఉన్న ప్రతివారూ సీలియాక్ అని భయపడనక్కరలేదు. రెండవది, జన్యువులు మన దగ్గరా ఉన్నాయి, గోధుమ వాడకం మన ఇళ్ళలోనూ పెరుగుతోంది. షుగరు పేరుతో రాత్రి చపాతీ, టిఫిన్‌కు బొంబాయి రవ్వ ఉప్మా, పిల్లలకు బిస్కెట్లు, నూడుల్సు, అంగన్‌వాడీలో ఇచ్చే గోధుమ కలిసిన బాలామృతం. ఇవి ఈ జబ్బు లేనివారికి హాని చేయవు, బాలామృతం పిల్లలకు బలమైన ఆహారమే. కాని "మనం అన్నం తినేవాళ్ళం, మనకు రాదు" అనే మాట మాత్రం ఇక పూర్తి నిజం కాదు. ఉద్యోగాల కోసం ఢిల్లీ, పంజాబు, విదేశాలు వెళ్ళి స్థిరపడిన మన పిల్లలకు అసలే నిజం కాదు.

4. ఎప్పుడు అనుమానించాలి?

ఈ జబ్బు అందరిలో ఒకేలా కనబడదు. కొందరికి విరేచనాలు, కొందరికి మలబద్ధకం, కొందరికి కడుపులో ఏ బాధా ఉండదు. కింది వాటిలో ఏదైనా ఉండి, మామూలు కారణం దొరకనప్పుడు డాక్టరు గారిని "సీలియాక్ పరీక్ష అవసరమా?" అని అడగండి.

మాత్రలు సరిగ్గా వేసుకున్నా మళ్ళీ మళ్ళీ పడిపోయే రక్తం.

నెలల తరబడి విరేచనాలు, కడుపుబ్బరం, బరువు తగ్గడం, జిడ్డుగా ఉండి నీటిలో తేలే మలం.

వయస్సుకు తగ్గ ఎత్తు, బరువు పెరగని పిల్లలు. ఈడు రావడం ఆలస్యమైన పిల్లలు.

తిరిగి తిరిగి వచ్చే నోటి పుండ్లు. చిన్న వయస్సులోనే ఎముకల నొప్పులు, ఎముకలు పలుచబడటం.

మోచేతులు, మోకాళ్ళు, పిరుదుల మీద విపరీతమైన దురదతో నీటి పొక్కులు. ఇది సీలియాక్ చర్మంలో కనబడే రూపం. గజ్జి అనుకుని ఏళ్ళ తరబడి మందు రాసేవారు ఉన్నారు.

కారణం తెలియని సంతానలేమి, పదే పదే గర్భస్రావం. వీటికి ఇతర కారణాలే ఎక్కువ. అయినా మిగతా లక్షణాలు తోడైతే ఇదీ ఆలోచించాలి. బిడ్డ నిలవలేదని కోడలిని నిందించే ఇళ్ళలో ఈ మాట తప్పక చెప్పండి.

ఇంట్లో తల్లికి, తండ్రికి, తోబుట్టువుకు లేక బిడ్డకు ఈ జబ్బు ఉంటే, బాధ ఏమీ లేకపోయినా పరీక్ష చేయించుకోవాలి. అలాగే చిన్ననాటి నుండి ఇన్సులిన్ మీద ఉన్న టైప్ 1 షుగరు పిల్లలకు, రక్షక వ్యవస్థ దాడి వల్ల థైరాయిడ్ చెడినవారికి, డౌన్ సిండ్రోమ్ పిల్లలకు ఇది వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువ.

5. ప్రతిదీ సీలియాక్ కాదు

మన ప్రాంతంలో పైన చెప్పిన బాధలకు వేరే కారణాలే ఎక్కువ. రక్తం తగ్గితే మొదట చూడవలసినవి కొంకిపురుగులు, నెలసరిలో అధిక రక్తస్రావం, మొలలు, తిండిలో లోపం. విరేచనాలకు జియార్డియా అనే క్రిమి, పాలు అరగకపోవడం, పేగుల క్షయ, థైరాయిడ్ ఎక్కువ కావడం కారణం కావచ్చు. ట్రాపికల్ స్ప్రూ అనే జబ్బు దక్షిణ భారతంలో ఎరిగినదే. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు 1960లలో పల్లెల్లో అది వ్యాపించినప్పుడు వివరంగా అధ్యయనం చేశారు. అది కూడా పేగు పోగులను అరగదీస్తుంది. అయితే దానికి మందు ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్ లాంటివి. గోధుమ మానడం కాదు.

"గోధుమ మానేస్తే హాయిగా ఉంది, అందుచేత నాకు సీలియాక్" అనుకోవడం కూడా సరికాదు. గోధుమలో గ్లూటెన్‌తో పాటు ఫ్రక్టాన్లు అనే పిండి పదార్థాలు ఉన్నాయి. అవి పేగులో పులిసి గ్యాసు చేస్తాయి. చాలామందికి ఉబ్బరం వాటివల్లే. వారి పేగు గోడకు ఏమీ కాదు. హాయిగా ఉండటం ఒక ఆనవాలు మాత్రమే, రుజువు కాదు.

మలంలో రక్తం, రాత్రి నిద్రలేపే విరేచనాలు, జ్వరం, వేగంగా బరువు తగ్గడం, యాభై దాటాక కొత్తగా మొదలైన రక్తహీనత ఉంటే ఏ ఆహార ప్రయోగాలూ వద్దు. వెంటనే ఆసుపత్రికి రండి.

6. పరీక్షల వరుస

ఇప్పుడు నా పొరపాటు దగ్గరకు వద్దాం.

మొదటి పరీక్ష రక్తంతో చేస్తారు. దాని పేరు టీటీజీ ఐజీఏ. గ్లూటెన్ మీద కోపంతో ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీలను అది కొలుస్తుంది. గోధుమ తింటున్నంత కాలం అవి రక్తంలో ఉంటాయి. మానేస్తే కొన్ని నెలల్లో తగ్గిపోతాయి. పేగు పోగులు కూడా మెల్లగా తిరిగి పెరుగుతాయి. అప్పుడు పరీక్ష చేస్తే, ఆరిన పొయ్యి మీద చెయ్యి పెట్టి ఇక్కడ మంట లేదన్నట్టే ఉంటుంది.

మన టీచరమ్మకు జరిగింది అదే. రెండవసారి చేరినప్పుడు మన ఫిజీషియన్ గారు పాత కాగితాలన్నీ చూసి ఒకే ఒక ప్రశ్న అడిగారు: "ఈ పరీక్షకు రక్తం తీసిన రోజుకు మీరు గోధుమ మానేసి ఎన్నాళ్ళయింది?" ఆమె "ఎనిమిది నెలలు, సిస్టరమ్మ గారు మానమన్నారు" అంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఇరవై ఏళ్ళకు పైగా నర్సింగ్ చేసిన నేను, ఆ రోజు నర్సింగ్ విద్యార్థినుల ముందు తల వంచుకుని "అవును డాక్టర్ గారూ, నేనే చెప్పాను" అన్నాను. ఆమె అప్పుడు గోధుమ తింటూనే ఉంది కాబట్టి వెంటనే పరీక్ష చేశారు. టీటీజీ ఎంతో ఎక్కువగా వచ్చింది. బయాప్సీలో పేగు పోగులు అరిగిపోయి ఉన్నాయి. దాదాపు రెండేళ్ళు ఆమె జీవితంలో నా మాట వల్ల పోయాయి.

కాబట్టి వరుస ఇది.

మొదట, గోధుమ మానకండి. మామూలుగా తింటూనే డాక్టరు గారి దగ్గరకు వెళ్ళండి.

రెండవది, టీటీజీ ఐజీఏ పరీక్ష, దానితో పాటు మొత్తం ఐజీఏ ఎంత ఉందో కూడా చూడాలి. కొందరి ఒంట్లో ఐజీఏ పుట్టుకతోనే తక్కువ. వారికి జబ్బు ఉన్నా టీటీజీ ఐజీఏ మామూలుగా వస్తుంది. వారికి ఐజీజీ రకం పరీక్షలు చేస్తారు.

మూడవది, రక్తపరీక్షలో వస్తే పెద్దలకు ఎండోస్కోపీ చేసి చిన్నపేగు మొదటి భాగం నుండి చిన్న ముక్కలు తీస్తారు. ఒక చోట పోగులు బాగుండి పక్కనే అరిగి ఉండవచ్చు కాబట్టి కనీసం నాలుగైదు ముక్కలు తీయాలి. పెద్ద నొప్పి ఉండదు, కోత ఉండదు. పిల్లలలో టీటీజీ మామూలు హద్దుకు 10 రెట్లు లేదా అంతకంటే ఎక్కువగా ఉండి, వేరే రోజు తీసిన రక్తంలో ఇంకో యాంటీబాడీ కూడా కనబడితే, పిల్లల పేగు నిపుణులు బయాప్సీ లేకుండానే నిర్ధారించవచ్చు. ఆ నిర్ణయం వారిదే.

ఇప్పటికే మానేసినవారు ఏం చేయాలి? భయపడకండి, దాచకండి. ఎన్నాళ్ళయిందో తేదీతో సహా డాక్టరు గారికి చెప్పండి. సాధారణంగా పెద్దలను రోజూ ఒకటి కంటే ఎక్కువ పూటల్లో గోధుమ తింటూ కనీసం 6 వారాలు ఉండి పరీక్షకు రమ్మంటారు. బాధ భరించలేకపోతే మధ్యలోనే పరీక్షించే వీలుంది. చిన్న పిల్లలకు, ఎదిగే వయస్సులో ఉన్నవారికి మాత్రం మీ అంతట మీరు మళ్ళీ పెట్టి చూడవద్దు. జన్యు పరీక్షకు గోధుమ తిన్నా మానినా ఒకటే. ఆ జన్యువులు లేవని వస్తే సీలియాక్ దాదాపు లేనట్టే. ఉన్నాయని వస్తే మాత్రం జబ్బు ఉన్నట్టు కాదు.

7. జబ్బు అని తేలితే

ఈ జబ్బుకు మందు లేదు, పథ్యమే మందు. అది జీవితాంతం. "కొంచెం తింటే ఏమవుతుంది" అనకూడదు. బాధ కనబడకపోయినా పేగు లోపల అరుగుతూనే ఉంటుంది. అశ్రద్ధ చేస్తే ఎముకలు బలహీనపడతాయి, అరుదుగా పేగు క్యాన్సరు కూడా రావచ్చు.

అయితే ఈ విషయంలో తెలుగు ఇల్లు ధన్యమైనది. మన వంటింట్లో సగానికి పైగా ముందే పథ్యం. బియ్యం, జొన్నలు, సజ్జలు, రాగులు, కొర్రలు, సామలు, మొక్కజొన్న, పప్పులు, శనగపిండి, కూరగాయలు, పండ్లు, గుడ్లు, చేపలు, మాంసం అన్నీ తినవచ్చు. ఇడ్లీ, దోసె, పెసరట్టు, జొన్నరొట్టె, రాగి సంకటి, అరిసెలు, సకినాలు, సున్నుండలు, పూతరేకులు ఏ భయం లేకుండా తినవచ్చు. ఖరీదైన విదేశీ ప్యాకెట్లు కొననక్కరలేదు. పాలు మొదట్లో అరగకపోతే కొన్ని వారాలు తగ్గించండి, పేగు మానాక చాలామందికి మళ్ళీ పడతాయి.

మానవలసినవి: గోధుమ పిండి, మైదా, బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ, సేమ్యా, బ్రెడ్డు, రస్కులు, బిస్కెట్లు, నూడుల్సు, పూరీ, పరోటా, సమోసా, మైసూరు బజ్జీ, కాజా, బొబ్బట్లు, కజ్జికాయలు, క్రిస్మస్ కేకు. మూత్రంలో మంటకు తాగే బార్లీ నీళ్ళు, బార్లీ మాల్టు కలిసిన పాలపొడులు కూడా పనికిరావు.

కనబడకుండా వచ్చేవి ఇంకా జాగ్రత్త. డబ్బాల్లో అమ్మే ఇంగువ పొడిలో చాలాసార్లు గోధుమ పిండి లేక మైదా కలుపుతారు. సోయా సాసులో గోధుమ ఉంటుంది. పిండి మరలో అంతకుముందు గోధుమలు ఆడించి ఉంటే మీ జొన్నపిండిలో అది కలుస్తుంది. మర కడిగించలేం కాబట్టి బియ్యం, జొన్నలు మాత్రమే ఆడించే మర చూసుకోండి, లేదా ఇంట్లో మిక్సీలో పట్టుకోండి. చపాతీ కాల్చిన పెనం మీద దోసె వేయకండి, వేరే పెనం పెట్టుకోండి. మైదా బజ్జీలు వేసిన నూనెలో వేరేవి వేయించవద్దు. ఓట్సు గోధుమతో కలిసే ప్రమాదం ఉంది కాబట్టి డాక్టరును అడగకుండా వద్దు. ప్యాకెట్టు మీద "గ్లూటెన్ ఫ్రీ" అని ఉంటే, మన దేశ ఆహార భద్రతా నిబంధనల ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు.

పథ్యం మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే చాలామందికి కడుపు నెమ్మదిస్తుంది. రక్తం పట్టడానికి నెలలు పడుతుంది, పేగు పూర్తిగా మానడానికి పెద్దలలో ఏడాది రెండేళ్ళు కూడా పట్టవచ్చు. ఐరన్, ఫోలిక్ యాసిడ్, విటమిన్ డి డాక్టరు చెప్పినంత కాలం వాడండి. టీటీజీ మళ్ళీ చూపించుకోండి. తోబుట్టువులకు, పిల్లలకు పరీక్ష చేయించండి.

8. ప్రభు బల్ల దగ్గర

మన సంఘాల్లో ఒక ముఖ్యమైన ప్రశ్న మిగిలింది. ప్రభురాత్రి భోజనపు రొట్టె గోధుమది. ఈ జబ్బున్నవారికి ఆ చిన్న ముక్క కూడా, పదే పదే తీసుకుంటే, మంచిది కాదు. టీచరమ్మ మొదట ఎవరికీ చెప్పలేక ఆ ఆదివారాలు వెనక బెంచీలో కూర్చుండిపోయేది. చూసినవారు ఏదో పాపం ఉందని గుసగుసలాడారు. ఆకలి కంటే అది ఆమెను ఎక్కువ బాధించింది.

ఆమె అనుమతితో నేను పాస్టరు గారికి విషయం చెప్పాను. ఆయన వెంటనే బియ్యప్పిండి రొట్టెకు, వేరే పళ్ళానికి, వేరే చిన్న గిన్నెకు ఏర్పాటు చేశారు. అందరూ రొట్టె ముంచే పాత్రలో గోధుమ పొట్టు రాలుతుంది కాబట్టి వేరే గిన్నె అవసరం. మన ప్రొటెస్టెంట్ సంఘాల్లో చాలాచోట్ల ఇలా చేసుకునే వీలుంది, మీ సంఘ పెద్దలతో మాట్లాడండి. రోమన్ కథోలిక సంఘంలో రొట్టె గోధుమదే కావాలి. 2017లో రోమునుండి వచ్చిన లేఖ గ్లూటెన్ బొత్తిగా లేని రొట్టె చెల్లదనీ, బాగా తగ్గించినది చెల్లుతుందనీ మరొకసారి తెలిపింది. రొట్టె పుచ్చుకోలేనివారు పాత్ర మాత్రమే పుచ్చుకోవచ్చు. ఆ సంఘస్థులు తమ ఫాదరు గారితోనూ డాక్టరుతోనూ మాట్లాడి నిర్ణయించుకోవాలి.

9. ముగింపు మాట

మార్కు సువార్తలో పన్నెండేళ్ళు జబ్బుతో వైద్యుల చుట్టూ తిరిగి, ఉన్నదంతా ఖర్చుపెట్టుకున్న స్త్రీ మనకు తెలుసు. ప్రభువు ఆమెను గుంపులో నుండి పిలిచి, ఆమె చెప్పినదంతా విన్నాడు. మనం ఆయన పేరున నడిచే ఆసుపత్రి. అంతుపట్టని బాధతో వచ్చినవారిని "నీకేమీ లేదు" అని పంపకూడదు. నాలాగా తొందరపడి సగం తెలిసిన సలహా కూడా ఇవ్వకూడదు. ప్రార్థన చేద్దాం, పూర్తిగా విందాం, వరుస తప్పకుండా పరీక్ష చేయిద్దాం.

ఇప్పుడు మన వార్డుల్లో దీర్ఘకాలపు విరేచనాలతోనో, పట్టని రక్తంతోనో చేరినవారి కేసు షీటులో సిస్టర్లు ఒక ప్రశ్న అడిగి రాస్తారు: "గోధుమ తింటున్నారా? మానేస్తే ఎప్పటినుండి?" ఆ లైను టీచరమ్మ పుణ్యమే. ఎనిమిది నెలల పథ్యం తర్వాత ఆమె హిమోగ్లోబిన్ 11.4. ఇప్పుడు రోజంతా బోర్డు దగ్గర నిలబడి పాఠం చెబుతోంది. రోగిని చూడటానికి వచ్చినప్పుడు బ్రెడ్డు ప్యాకెట్టు బదులు నాలుగు అరటిపండ్లు తెస్తుంది. ఆ మాట నాకు చెప్పి నవ్వింది.

గుర్తుంచుకోవలసినవి

అనుమానం వస్తే గోధుమ మానకుండానే పరీక్ష. పరీక్ష తర్వాతే పథ్యం.

టీటీజీ ఐజీఏతో పాటు మొత్తం ఐజీఏ.

ఇప్పటికే మానేస్తే, ఎప్పటినుండో డాక్టరుకు చెప్పండి.

జబ్బు లేదని తేలితే చపాతీకి భయపడకండి. అసలు కారణం వెదికించుకోండి.

జబ్బు అని తేలితే జీవితాంతం పథ్యం. ఇంట్లో రక్తసంబంధీకులకు పరీక్ష.

స్త్రీల సమాజ కూటాల్లో చర్చించడానికి ప్రశ్నలు

1. ఐరన్ మాత్రలు వాడినా రక్తం పట్టకపోతే ఏయే కారణాలు చూడాలి?

2. గోధుమ మానేసిన ఎనిమిది నెలలకు చేసిన రక్తపరీక్షను ఎందుకు నమ్మలేం?

3. మీ వంటింట్లో పేరు చూస్తే తెలియని గోధుమ ఏయే వస్తువుల్లో ఉంది? ఇంటికి వెళ్ళి డబ్బాలు చూసి, వచ్చే కూటంలో చెప్పండి.

4. ప్రభు బల్లకు దూరంగా కూర్చున్నవారిని చూసినప్పుడు మనం ఏమనుకుంటాం? ఏం అడగాలి?

ప్రభువు మీకందరికీ ఆరోగ్యం దయచేయును గాక.

నర్సింగ్ సూపరింటెండెంట్